దొర ఎవరి చేతి ముద్ద తిన్నాడు?

"ఇందులో నెత్తురు ఉందా లేదా, చూసి చెప్పండి అన్నయ్యా," అని ఆ గాజు గొట్టాన్ని ఇన్‌స్పెక్టరు ముక్కు కింద పెట్టాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. గొట్టంలో ఉన్నది దొర మూత్రం. చిక్కటి డికాక్షన్‌లో ఎర్ర సిరా ఒలికినట్టుంది.

"ఇంత ఎర్రగా కనబడుతుంటే ఉందా లేదా అంటావేంటి తమ్ముడూ? పొద్దున్నే పరాచికాలా?"

నేనాయన్ని అన్నయ్యా అనడానికీ, ఆయన నన్ను తమ్ముడూ అనడానికీ కారణం మా ఇద్దరికీ మామగారు ఒక్కరే కావడం. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. ఆయన పోలీసు ఇన్‌స్పెక్టరు, ఛాతీ మీద పతకం. నేను పశువుల డాక్టరు చదువు చదివి, సొంతంగా ఒక ల్యాబ్ పెట్టుకుని, మూగజీవాల మీద జరిగే నేరాలు కనిపెట్టే డిటెక్టివ్‌ని. మామగారు పెద్దల్లుణ్ణి ఎవరికైనా పరిచయం చెయ్యాలంటే కుర్చీలోంచి లేస్తారు. నన్ను పరిచయం చెయ్యాలంటే, "మా చిన్నల్లుడు, పేడా అదీ పరీక్ష చేస్తుంటాడు," అని పేపరు తిరగేస్తారు. ఆ పెద్దమనిషిని ఏమీ అనలేక ఆ కోపమంతా తోడల్లుడి మీద పెట్టుకున్నాను. నాకాయనంటే కుళ్ళు. దాచుకునే ఓపిక కూడా నాకు లేదు.

కేసు ఇది. పోలీసు కుక్కల యూనిట్‌లో దొర అనే కుక్క ఉంది. వాసన పట్టడంలో దాన్ని మించింది లేదు. మొన్న రాత్రి అది కుప్పకూలి ఎర్రటి మూత్రం పోసింది. ఇన్‌స్పెక్టరు యూనిట్ అంతా సోదా చేయిస్తే, ఆ రోజు పొద్దున్నే ఉద్యోగంలో చేరిన కొత్తమ్మాయి మంచం కింద ఎలుకల మందు పొట్లం దొరికింది. ఆ మందు తింటే నెత్తురు గడ్డకట్టడం మానేసి ఒంట్లో ఎక్కడపడితే అక్కడ కారుతుంది. మూత్రం ఎర్రగా ఉంది, పొట్లం చేతికొచ్చింది, ఇంకేం కావాలని ఆయన కేసు చాప చుట్టేశాడు. కొత్తమ్మాయిని గదిలో పెట్టి బయట కాపలా పెట్టాడు. మూడు రోజుల్లో పెద్దాఫీసరు వచ్చి విచారణ జరుపుతాడు. అందులో తప్పు రుజువైతే ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత జైలు. ఆ అమ్మాయే నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"ఈ గొట్టాన్ని మిషన్లో పెట్టి గిరగిర తిప్పాను," అన్నాను. "ఇది కారిన నెత్తురైతే కణాలన్నీ అడుక్కి దిగి, పైన పసుపు నీళ్ళు తేలాలి. దిగలేదు. అడుగునుంచి అంచుదాకా ఒకటే ఎరుపు. మైక్రోస్కోప్ కింద పెట్టి వెతికినా ఒక్క ఎర్రకణం కనబడలేదు."

"అయితే?"

"కణాలు ఒంట్లోనే పగిలిపోయాయి. వాటిలోని రంగు మాత్రం మూత్రంలోకి దిగింది. ఎలుకల మందు ఈ పని చెయ్యదు. దొర నెత్తురు గడ్డకడుతుందో లేదో కూడా చూశాను. శుభ్రంగా కడుతోంది."

"కండలు దెబ్బతిన్నా మూత్రం ఎర్రబడుతుందటగా? మొన్నెవరో డాక్టరు టీవీలో చెప్పాడు."

ఈయనకి అదీ తెలుసు. నాకు ఒళ్ళు మండింది.

"ఎర్రబడుతుంది. కానీ అప్పుడు నెత్తురు మీద తేరిన నీరు మామూలుగానే ఉంటుంది. దొరది గులాబీ రంగులో ఉంది." రెండో గొట్టం తీసి చూపించాను. "ఇక నెత్తుటి చుక్కని అద్దం మీద పరిచి, నీలం రంగు వేసి చూస్తే, ఎర్రకణాల అంచుల్లో బుడిపెలు. ఒకటీ రెండూ కాదు, చూసిన చోటల్లా ఉన్నాయి. ఆ బుడిపెలు తెచ్చే వస్తువు ప్రతి వంటింట్లోనూ ఉంటుంది. ఉల్లిపాయ."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. పక్కనున్న కానిస్టేబుల్ కూడా నవ్వాడు, పైవాడు నవ్వాడు కాబట్టి.

"నవ్వండి. మనకి కూర, కుక్కకి విషం. ఎండబెట్టి పొడిచేసి పెడితే మరీను. ఇంకో మాట కూడా వినండి. ఎర్రకణాలు పగిలిపోతుంటే ఎముకల్లోని మూలుగ కొత్తవి తయారుచేసి పంపుతుంది. అవి తయారై నెత్తుట్లోకి దిగడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. దొర నెత్తుట్లో ఆ పసికణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. అంటే ఈ ఉల్లి పెట్టడం మొదలై వారమైనా అయ్యుండాలి. కొత్తమ్మాయి వచ్చి ఎన్నాళ్ళయింది?"

ఆయన నవ్వు ఆపేశాడు. చెవి గోక్కున్నాడు. ఆయన చెవి గోక్కుంటే మాట దొరకడం లేదని అర్థం. ఆ క్షణాన్ని ఫొటో తీసి మామగారి హాల్లో తగిలించాలనిపించింది.

"సరే," అన్నాడు చివరికి. "ఆ పిల్ల కాదనుకుందాం. పెద్దాఫీసరు ముందు నీ బుడిపెలు నిలబడవు తమ్ముడూ, పొట్లం నిలబడుతుంది. ఉల్లి పెట్టిన చెయ్యి ఎవరిదో పట్టుకుని తీసుకురా. అందాకా ఆ పిల్ల గదిలోనే ఉంటుంది."

నేను కొత్తమ్మాయి గది కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"ఒక్కటే ప్రశ్న. దొర నీ చేత్తో ఏమైనా తిన్నాడా?"

"లేదు సార్. గిన్నె పట్టుకుంటే మొహం తిప్పేసుకున్నాడు. అలవాటయ్యేసరికి నెలైనా పడుతుందని చెప్పారు." కిటికీ చువ్వలు పట్టుకుంది. "మూడోసారి పరీక్ష రాస్తే వచ్చిన ఉద్యోగం సార్. ఇలా ఇంటికెళ్తే మా అమ్మ మొహం ఎలా చూడను?"

"నువ్వలా వెళ్ళవు," అన్నాను. ఆ మాట చాలా ధైర్యంగా అన్నాను.

* * *

కుక్కల గదుల దగ్గరికి నన్ను తీసుకెళ్ళినవాణ్ణి యూనిట్‌లో అందరూ చిన్నన్న అంటారు. యూనిట్‌లో రెండో కుక్క బంటు, దాన్ని చూసుకుని నడిపించే హ్యాండ్లర్ అతను. సన్నగా, నవ్వుమొహంతో ఉంటాడు.

"పతకాలు దొరకి, పారా డ్యూటీలు బంటుకి," అన్నాడు నడుస్తూ. "ఫొటో తీస్తే మేమిద్దరం భుజం దాకానే పడతాం డాక్టరుగారూ. రెండోవాళ్ళ బతుకు మీకేం తెలుస్తుంది లెండి."

"నాకు తెలియకపోవడమేంటి?" అని మామగారి పేపరు సంగతి చెప్పాను. అతను ఆగిపోయి మరీ నవ్వాడు. నవ్వి, "మీరే సార్ నా మనిషి," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి చెబితే అర్థం చేసుకున్నవాడు ఇతనొక్కడే. మా ఆవిడకి చెబితే, "అక్కవాళ్ళాయన మిమ్మల్ని ఏమన్నాడని?" అంటుంది.

దొర చాప మీద పడుకుని ఉన్నాడు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి, కాస్త పచ్చబడి ఉన్నాయి. నోటి దగ్గర ముక్కు పెట్టాను. ఉల్లి వాసన సన్నగా వస్తోంది.

"వీళ్ళకి ఇచ్చే శిక్షణలో మొదటిదే అది," అన్నాడు చిన్నన్న. "దొంగలు విషం పెడతారని, సొంత హ్యాండ్లర్ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ ముట్టకుండా తయారుచేస్తారు. దొర మీసాలయ్య చేత్తో తప్ప తినడు. చూడండి."

జేబులోంచి బిస్కట్ తీసి దొర మూతి ముందు పెట్టాడు. దొర తలెత్తి ముందు చిన్నన్న మొహంలోకి చూశాడు. తర్వాత మెల్లగా మొహం తిప్పుకున్నాడు. అదే బిస్కట్ నేను పట్టుకుంటే నా వైపే చూడలేదు, గోడ వైపు తిరిగాడు.

చాప ఎత్తి, గోడవారనున్న చెక్క పలక వెనక చెయ్యి పెట్టి తడిమాను. వేళ్ళకి జిడ్డుగా ఏదో తగిలింది. బయటికి లాగితే చిన్న కొవ్వు ముద్ద. గోలీ అంత. పైన వేళ్ళ గుర్తులు, లోపల పసుప్పచ్చటి పొడి. వాసన చూడక్కర్లేకుండానే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. యూనిట్‌లో కుక్కలకి పెట్టేది ఎండు దాణా. ఇలాంటి ముద్ద ఇక్కడ ఎవరూ చెయ్యరు. ఎవరో పనిగట్టుకుని, కొవ్వులో ఉల్లిపొడి కలిపి, ముద్ద చేసి, చేత్తో తినిపించారు.

చెయ్యి ఎవరిదో నాకు అప్పటికే తెలిసిపోయిందనుకున్నాను.

మీసాలయ్య దాణా గదిలో ఉన్నాడు. దొర చిన్నపిల్లగా ఉన్నప్పటినుంచీ పెంచిన హ్యాండ్లర్. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. గది శుభ్రంగా ఉంది. ఏ కుక్క గిన్నె ఆ కుక్క మేకుకి వేలాడుతోంది. డబ్బాలన్నీ మూతలు తీసి చూశాను. ఎక్కడా ఉల్లి జాడ లేదు.

"మీరు రిటైరయ్యాక దొర ఎవరికి?"

"ఆ కొత్తమ్మాయికి సార్. పోయిన వారమే ఆర్డరొచ్చింది."

"మీకు బాధ లేదా?"

"ఉండదా సార్? పిల్లనిచ్చి పంపినట్టుంది."

"కుక్క ఇక పనికిరాదని డాక్టరు రాస్తే దాన్నేం చేస్తారు?"

ఆయన అమాయకంగానే చెప్పాడు. "పెంచినోళ్ళు అడిగితే ఇంటికిచ్చేస్తారు సార్."

"అంటే మీకు."

"నాకే సార్." అన్నాక ఆ మాట ఎటు పోతోందో ఆయనకి అర్థమైంది.

కొవ్వు ముద్ద ఆయన ముందు పెట్టాను. "వాడి మూతి దగ్గర మీ మూతి పెట్టి రోజూ ముద్దాడతారట. వారంగా ఉల్లి వాసన కొడుతుంటే మీకు తెలియలేదా?"

"నా ముక్కు చచ్చి చాన్నాళ్ళయింది సార్. నస్యం అలవాటు." జేబులోంచి పొడుం డబ్బీ తీసి చూపించాడు. "వాసన పట్టే పని వాడిది, నాది కాదు."

ఎంత అనుకూలంగా చచ్చింది ముక్కు, అనుకున్నాను. పైకి కూడా అన్నాను. మీసాలయ్య అక్కడే దాణా బస్తా మీద కూలబడిపోయాడు.

"నా చేత్తోనా సార్?" అన్నాడు. "వాడికా?"

అప్పుడే ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. అంతా గుమ్మం దగ్గరే విన్నట్టున్నాడు.

"ఈయన చెయ్యడు తమ్ముడూ."

"సాక్ష్యం ఉందా, లేక పతకం చెప్పిందా?"

"మనిషిని చూస్తే తెలియదూ?"

"మొన్న పొట్లం చూస్తే తెలిసింది, ఇవాళ మనిషిని చూస్తే తెలిసింది. మీకు అన్నీ చూడగానే తెలిసిపోతాయి. మాకే ఖర్మ, గొట్టాలు తిప్పుకోవాలి."

ఆయన మొహం ఎర్రబడింది, కానీ గొంతు పెంచలేదు. అదే నాకు మరీ ఒళ్ళుమంట.

"సరే, అనుమానం నీది. ఒక పని చేద్దాం. యూనిట్‌కి సంబంధం లేనివాణ్ణి ఒకణ్ణి బయటనుంచి రప్పించి దొర దగ్గర కాపలా పెడతాను. మీసాలయ్య వాడి కళ్ళముందే తినిపిస్తాడు. ముద్ద నువ్వే కలిపి ఇవ్వు. కుక్క ఆకలితో చావకూడదు కదా."

మంచి ఆలోచన. నాకే వచ్చుంటే ఎగిరి గంతేసేవాణ్ణి. ఆయనకి వచ్చింది కాబట్టి కుదరదన్నాను. మీసాలయ్య గేటు లోపల అడుగు పెట్టకూడదు, దొర సంగతి చిన్నన్న చూసుకుంటాడు, సెలైన్ నేనెక్కిస్తాను, లేదంటే మూగజీవాన్ని చంపుతున్నారని నేనే పెద్దాఫీసరుకి చెబుతానన్నాను.

"నీ ఇష్టం," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చిన్నన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళకి నాకొక ముఖ్యమైన పని అప్పజెప్పింది మీరే డాక్టరుగారూ," అన్నాడు.

* * *

మర్నాడు దొర మూత్రం లేత పసుపుకి తిరిగింది. నేను గాల్లో తేలిపోయాను. మీసాలయ్యని తప్పించగానే కణాలు పగలడం ఆగిపోయింది, ఇంకేం రుజువు కావాలి? మా ఆవిడకి చెప్పాను. ఆవిడ వాళ్ళ నాన్నకి చెప్పింది. ఆయన "అలాగా" అన్నారట. ఆ మాట ఎలా అన్నారు, గొంతు ఎలా ఉంది, నాలుగుసార్లు అడిగితే మా ఆవిడ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ యూనిట్‌కి వెళ్ళాను. తెల్లారితే విచారణ. గేటు బయట మీసాలయ్య నిలబడి ఉన్నాడు. మీసాలు దిగజారిపోయాయి. చేతిలో దొర గిన్నె.

"ఒక్క ముద్ద సార్," అన్నాడు. "మీరే కలపండి. మీరే రుచి చూడండి. నా చెయ్యి మాత్రం పెట్టనివ్వండి. వాడు నాకోసం చూస్తుంటాడు."

నేను ఆగకుండా లోపలికెళ్ళాను.

"రెండు రోజులుగా మెతుకు ముట్టలేదు సార్," అన్నాడు చిన్నన్న, దొర తల నిమురుతూ. "ఎంత బతిమాలినా నా చెయ్యి వాసన కూడా చూడడం లేదు. మంచినీళ్ళు తాగుతున్నాడంతే."

"రేపు విచారణ అవగానే గొట్టం వేసి పాలు పోద్దాం. ఒక్క రోజు ఓర్చుకోమను," అన్నాను. దొర నిలబడ్డాడు గానీ కాళ్ళు వణుకుతున్నాయి. నెత్తురు నేనే తీశాను, మూత్రం నేనే పట్టాను, రేపటి ధ్యాసలో దాని రంగు సరిగా చూడలేదు. ల్యాబ్‌కి వచ్చి తిప్పడానికి పెట్టి, ఈలోగా రేపు పెద్దాఫీసరు ముందు ఏ మాటతో మొదలుపెట్టాలో అద్దంలో చూసి చెప్పుకున్నాను. పక్కన తోడల్లుడు చెవి గోక్కుంటూ ఉంటాడు.

మిషను ఆగింది. గొట్టం బయటికి తీశాను.

అడుగున గడ్డ. పైన సీరం అనే తేరిన నీరు ఉండాలి, అద్దంలా, లేత పసుపు రంగులో. ఉన్నది చిక్కగా ఉంది. వెలుతురుకి పట్టుకుంటే వెనక నా వేలు కనబడలేదు. స్ట్రాబెర్రీ పాలలా ఉంది.

కుర్చీలో కూర్చున్నాను.

ఎరుపు అంటే కణాలు పగిలాయని. నెత్తురు తీసేటప్పుడు సూది సరిగా పడకపోయినా పగులుతాయి, అందుకే సీరం ఒక్కటే చూసి నమ్మకూడదు, మూత్రం కూడా చూడాలి. చూశాను. నిన్న లేత పసుపు, ఇవాళ మళ్ళీ డికాక్షన్. ఒంట్లోనే పగులుతున్నాయి, కొత్తగా.

ఎరుపు సంగతి సరే. పాలు ఎక్కడివి?

పాలు కాదు, అది కొవ్వు. కడుపునిండా కొవ్వు తిన్న కుక్క సీరం కొన్ని గంటలపాటు ఇలా తెల్లగా, చిక్కగా ఉంటుంది. మా చదువులో మొదటి సంవత్సరం పిల్లాడికి కూడా తెలుసు. అందుకే నెత్తురు తీసేముందు కుక్కకి ఏమీ పెట్టొద్దని చెబుతాం. రెండు రోజులుగా నీళ్ళు తప్ప ఏమీ ముట్టని కుక్క సీరం ఇలా ఉండడానికి వీల్లేదు. ఇవాళ పొద్దునో, ఆ తర్వాతో, దొర కొవ్వు ముద్దలు తిన్నాడు. మీసాలయ్య గేటు బయట ఉన్నాడు. కొత్తమ్మాయి గదిలో ఉంది. దొర దగ్గరున్నది నేను పెట్టిన మనిషి.

తినలేదని నాకు చెప్పిందీ అతనే. నిన్న ఒక్క రోజు ఆపి నన్ను నమ్మించాడు.

బిస్కట్ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పరాయి చెయ్యి అయితే దొర చేతిని కూడా చూడడు, నాకు చేసినట్టు గోడ వైపు తిరుగుతాడు. చిన్నన్న పెట్టినప్పుడు ముందు అతని మొహం చూశాడు. తినమంటావా వద్దంటావా అని అడిగాడు. అలా యజమానిని తప్ప కుక్క ఇంకెవర్నీ అడగదు. నేను అది కళ్ళారా చూసి కూడా పట్టించుకోలేదు, ఎందుకంటే చిన్నన్న నాలాంటివాడు. నా కడుపుమంట తెలిసినవాడు. రెండోవాణ్ణి అనుమానించడమంటే నన్ను నేను అనుమానించుకున్నట్టుంది నాకు.

కణాలు కూడా లెక్క చూశాను. వంద పాళ్ళ నెత్తుట్లో నలభై అయిదు ఉండాల్సిన చోట పదిహేను. ఇంకొక్క రోజు, ఇంకొక్క పెద్ద ముద్ద, అంతే. దొర దక్కడు.

ఫోన్ తీశాను. ఇన్‌స్పెక్టరు నంబరు నొక్కాలంటే సిగ్గేసింది. నొక్కాను.

"అన్నయ్యా. మీరు చెప్పిందే నిజం. మీసాలయ్య కాదు."

అవతల ఆయన ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

"ఎవరు మరి?"

"చిన్నన్న. వెంటనే దొరని అతని దగ్గర్నుంచి తప్పించండి."

"దొర ఇక్కడెక్కడున్నాడు తమ్ముడూ? ఇందాకే జీపులో ఎక్కించుకుని బయల్దేరాడు. నీ ల్యాబ్‌కేనట. నువ్వు తెమ్మన్నావట."

"నేను తెమ్మనలేదు."

వీధిలో బ్రేకు చప్పుడైంది. నేను ఫోన్ పెట్టెయ్యకుండా బల్ల మీద, కాగితాల పక్కన ఉంచాను. స్పీకరు నొక్కాను.

చిన్నన్న వచ్చాడు. అదే నవ్వుమొహం. ఒక చేతిలో క్యారేజీ. పక్కన దొర, మెడకి గొలుసు లేకుండా, అతని మోకాలికి ఆనుకుని నడుస్తున్నాడు. అతను ఆగితే ఆగాడు. అతను కూర్చుంటే కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"రేపు విచారణలో ఏం చెబుతారో కనుక్కుందామని వచ్చాను డాక్టరుగారూ," అన్నాడు. అతని చూపు బల్ల మీదున్న గొట్టం మీద పడింది. "అది దొరదేనా?"

"దొరదే."

"తెల్లగా ఉందే."

"తిన్నాడు కాబట్టి."

అతను అబద్ధం ఆడడానికి ప్రయత్నించలేదు. మెల్లగా క్యారేజీ మూత తీశాడు. ఉల్లి వాసన గది నిండా కమ్ముకుంది. రెండు వేళ్ళతో కొవ్వు తీసి అరచేతిలో గుండ్రంగా చేస్తూ మాట్లాడాడు.

"మీసాలయ్య తర్వాత దొర నాకేనని అందరూ అన్నారు సార్. నేనూ అదే అనుకున్నా. ఇన్నేళ్ళూ బంటుతో సరిపెట్టుకున్నా. ఎవరూ చూడనప్పుడు రోజూ వీడి గదికెళ్ళి, వీడి ముందు కూర్చునేవాణ్ణి. ఏళ్ళు పట్టింది, నా చేత్తో మొదటి ముద్ద తినడానికి. ఆ రోజు నేను ఇంటికెళ్ళి ఏడ్చాను. అలాంటివాణ్ణి మీ అన్నయ్యగారు నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి రాసిచ్చేశారు."

"అందుకని చంపుతావా?"

"చంపడమేంటి సార్? పనికిరాకుండా పోతే చాలు. నింద ఆ పిల్ల మీదికి పోవాలనే మంచం కింద పొట్లం పెట్టాను. పనికిరాని కుక్కని మీసాలయ్య అడుగుతాడని ఒక్కటే భయం ఉండేది. మీరు ఆయన్నే గేటు బయట పెట్టించారు, ఇక వీణ్ణి అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే. అంత ఉపకారం నేను అడక్కుండానే చేశారు." నిజంగానే కృతజ్ఞతగా అన్నాడు. "రేపు మీరు మీసాలయ్యే చేశాడని చెప్పండి. పిల్లని వదిలేస్తారు, మీరు గెలుస్తారు, దొర నాకొస్తాడు. మన అన్నయ్యలకి ఒక్కసారైనా తెలియాలి కదా సార్."

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఇన్‌స్పెక్టరు చెవి గోక్కోవడం నా కళ్ళముందు కదిలింది. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"వాడి నెత్తుట్లో ఎర్రకణాలు మూడో వంతే మిగిలాయి," అన్నాను. "ఆ ముద్ద తింటే చచ్చిపోతాడు. నిజం చెబుతున్నాను. పెట్టకు."

"కొంచెమే కదా సార్. ఇన్నాళ్ళూ పెట్టిందే." నన్ను తేరిపార చూసి నవ్వాడు. "వాడు నా చేత్తో తింటుంటే మీకు కూడా కుళ్ళేనా?"

ముద్ద దొర మూతి ముందు పెట్టాడు. దొర తలెత్తి అతని మొహంలోకి చూశాడు. అతను తలూపాడు.

"వద్దు దొరా," అన్నాను. దొర నా వైపు తిరగనైనా లేదు. నేను వాడికి ఎవర్నని తిరుగుతాడు? నోరు తెరిచి ముద్ద అందుకున్నాడు.

"దొరా."

ఆ గొంతు నాది కాదు. బల్ల మీద కాగితాల పక్కనుంచి వచ్చింది. గేటు బయట గిన్నె పట్టుకుని నిలబడ్డ ముసలాయన చేతికి ఫోన్ ఇవ్వాలన్న ఆలోచన మళ్ళీ నా తోడల్లుడికే వచ్చింది.

"దొరా, ఉమ్మేయ్. మన ముద్ద కాదది నాన్నా."

దొర చెవులు నిక్కబొడుచుకున్నాయి. ముద్ద నేల మీద పడింది. వణికే కాళ్ళ మీద లేచి, చిన్నన్నని దాటుకుని, బల్ల దగ్గరికి వచ్చి ఫోన్‌కి ముక్కు ఆనించాడు. తోక ఊపడానికి ఓపిక లేదు, అయినా ఊపాడు.

చిన్నన్న ఖాళీ అరచేతిని చూసుకున్నాడు. అతని మొహంలో నవ్వు పోయింది. ఆ నవ్వు లేకుండా నేనతన్ని చూడడం అదే మొదటిసారి.

"ఇన్నేళ్ళు," అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. "ఒక్క మాటకి."

ఫోన్‌లో ఇన్‌స్పెక్టరు జీపు తియ్యమని అరుస్తున్నాడు. చిన్నన్న లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. బయటికి వెళ్ళిపోతాడనుకున్నాను. లోపలనుంచి గొళ్ళెం పెట్టి, నా వైపూ దొర వైపూ తిరిగాడు.